ఫిరంగి పక్కన పోయిన చెవులు

26 జూలై 2024, శుక్రవారం

కార్గిల్ విజయానికి ఇవాళ్టికి పాతికేళ్ళు. శ్రీకాకుళంలో మాజీ సైనికులం కలిశాం. ఆ కొండల్లో పనిచేసినవాళ్ళని వేదిక ముందు కూచోబెట్టి శాలువాలు కప్పారు. మైకు ముందు మాట్లాడేవాళ్ళ గొంతు నాకు బాగానే చేరుతోంది. మాటే చేరడం లేదు. అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలీదు. పక్కవాళ్ళని చూసి చప్పట్లు కొట్టాను.

సభ అయ్యాక సుబేదారు సాబ్ నన్ను పక్కకి తీసుకెళ్ళి, చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడారు. ఆయన క్లర్కుగా పనిచేసి రిటైరైనవారు, కాగితం విలువ తెలిసిన మనిషి. "తమ్ముడూ, చెవుల వైకల్య పెన్షన్ కోసం నువ్వు పెట్టిన అప్పీలుకి బలం చాల్లేదు. ఏ ఏడు ఏ ఫైరింగ్ రేంజికి వెళ్ళావు, ఏ ఫిరంగి మీద పనిచేశావు, చెవి సంగతి ఎప్పుడు ఎవరికి చెప్పావు, గుర్తున్నంత మటుకు రాసిపెట్టు. రేపు ట్రిబ్యునల్లో పనికొస్తుంది" అన్నారు. అందుకే ఈ నోటుబుక్కు.

1996 జనవరిలో చేరాను. గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ సెంటర్లో శిక్షణ. భర్తీ రోజున డాక్టరు నన్ను వీపు తిప్పి నిలబెట్టి, వెనక ఇరవై అడుగుల దూరం నుంచి గుసగుసగా ఒక మాట చెప్పి, తిరిగి చెప్పమన్నాడు. ఒక చెవి మూసి ఇంకోటి, అది మూసి ఇది. రెండిటితోనూ తడుముకోకుండా చెప్పాను. 610 సెంటీమీటర్ల నుంచి గుసగుస వినపడాలన్నది సైన్యం పెట్టుకున్న కొలత. అంటే సైన్యంలోకి నేను తీసుకెళ్ళిన చెవులు మంచివేనని సైన్యమే రాసుకుంది. నేను అడుగుతున్నదానికంతటికీ ఆధారం ఆ ఒక్క కాగితం.

1999 వేసవిలో ద్రాస్‌లో మా బోఫోర్స్ 155 మిల్లీమీటర్ల ఫిరంగులు. ఆ యుద్ధంలో మన ఫిరంగి దళం మొత్తం మీద రెండున్నర లక్షల గుండ్లు, రాకెట్లు పేల్చిందని లెక్క. జూలై 4న టైగర్ హిల్ చేతికొచ్చింది. ఆ ఒక్క రోజే తొమ్మిది వేల గుండ్లు వెళ్ళాయంటారు. ఒక ఫిరంగి ఆగితే ఇంకోటి. రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాళ్ళు. నర్సింగ్ అసిస్టెంటుకి చెబితే, "అందరికీ అంతే, నాలుగు రోజుల్లో పోతుంది" అన్నాడు. ఆయన్నీ తప్పుపట్టను. గాయాలతో దిగుతున్నవాళ్ళ ముందు నా చెవి ఏపాటిది? ఆ కీచురాళ్ళు ఇప్పటికీ ఆగలేదు.

4 ఆగస్టు 2024

మెడికల్ బోర్డు కాగితం మళ్ళీ తీసి చదివాను. 24 ఏళ్ళ సర్వీసు పూర్తిచేసి 2020 జనవరి నెలాఖరున హవల్దారుగా ఇంటికొచ్చాను. వచ్చేముందు ప్రతివాడికీ రిలీజ్ మెడికల్ బోర్డు ఉంటుంది. నా కాగితంలో రాసిన జబ్బు రెండు చెవుల్లోనూ సెన్సరీన్యూరల్ వినికిడి లోపం. శాతం 20. జీవితాంతం. దాని కింద రెండు ప్రశ్నలు. సర్వీసు వల్ల వచ్చిందా? లేదు. సర్వీసు వల్ల ముదిరిందా? లేదు. కారణం రాయాల్సిన చోట ఒక్క ముక్క: పీస్ స్టేషన్లో ఉండగా మొదలైంది.

పీస్ స్టేషన్ అంటే యుద్ధం లేని చోటు. నిజమే. కానీ గన్నర్‌కి యుద్ధం లేని కాలమంటే సాధన కాలం. ఏటా రేంజికి వెళ్ళాలి. రాజస్థాన్‌లో మహాజన్, పోఖ్రాన్, మహారాష్ట్రలో దేవలాలీ. ఎండలో గుండు మోసి, గొట్టంలోకి తోసి, పేల్చి, మళ్ళీ మోసి. గుండు శత్రువు మీద పడినా ఇసుకలో పడినా పేల్చినవాడి చెవికి తేడా లేదు.

నాకు అర్థమైనంత వరకు శబ్దం లెక్క ఇది. ఒక్కసారి పేలి ఆగిపోయే మోతకి 140 డెసిబెల్స్ దాటితే చెవికి ప్రమాదం. 155 మిల్లీమీటర్ల ఫిరంగి దగ్గర నిలబడ్డవాడికి 170 దాటుతుంది. 30 అంకెల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ డెసిబెల్ లెక్కలో ప్రతి మూడుకీ శక్తి రెట్టింపు. ముప్పై అంటే వెయ్యింతలు.

చెవుల్లో ఏదీ పెట్టుకోలేదా అని ఎవరైనా అడుగుతారు. పెట్టుకునేవాళ్ళం, దూదో ప్లగ్గో. కానీ గన్ పొజిషన్ ఆఫీసర్ నుంచి వచ్చే అంకెలు వినాలి. ఎలివేషన్‌లో ఒక అంకె తప్పు వింటే గుండు మనవాళ్ళ మీద పడొచ్చు. అందుకని ఆజ్ఞ వినాల్సినవాడు ఒక చెవి తెరిచి ఉంచుకునేవాడు. తోటివాళ్ళ ప్రాణం కోసం తెరిచిన చెవి అది.

ఇక "మొదలైంది" అన్న మాట. సైన్యంలో వైద్య స్థాయిని ఇంగ్లీషు ఐదక్షరాలతో షేప్ అంటారు. రెండో అక్షరం హెచ్ చెవిది. ఐదింటా ఒకటో స్థాయి ఉంటే షేప్-1. ఏ ఒక్కటి తగ్గినా లో మెడికల్ క్యాటగిరీ. అక్కడితో ప్రమోషన్ చిక్కుల్లో పడుతుంది, కోర్సులు తప్పిపోతాయి. నాయక్ అవ్వాలి, హవల్దార్ అవ్వాలి, ఇంట్లో చెల్లి పెళ్ళి ఉంది. అందుకని గన్నర్లెవరూ చెవి మాట పైకి అనేవారు కాదు. ఇక దాచలేని స్థితి వచ్చాకే ఆసుపత్రికి వెళ్ళేవారు. నేను 2016లో వెళ్ళాను. అప్పుడున్నది పీస్ స్టేషన్. బోర్డు లెక్కలో జబ్బు మొదలైన రోజంటే ఆసుపత్రి పుస్తకంలో పేరెక్కిన రోజే. కాలికి తూటా తగిలితే తేదీ ఉంటుంది, సాక్షి ఉంటాడు, ఇంజురీ రిపోర్టు ఉంటుంది. ఇరవై ఏళ్ళు కొంచెం కొంచెంగా పోయిన చెవికి ఏ తేదీ చూపించాలి?

21 ఆగస్టు 2024

నిన్న విజయనగరంలో అమ్మాయి ఇంటికి వచ్చాను. ఇవాళ అల్లుడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గాజు తలుపున్న చిన్న గదిలో కూచోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడగానే బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ వినపడలేదు. లోపలి మోత ఏదో, బయటి శబ్దం ఏదో తేల్చుకోవడమే కష్టం.

డాక్టరు గారు గ్రాఫు చూపించి ఓపిగ్గా చెప్పారు. కింది శ్రుతుల దగ్గర గీత పర్వాలేదు. 4000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి గొయ్యిలో పడి, ఆ తర్వాత కాస్త పైకి లేస్తుంది. "వయసు వల్ల వచ్చిన చెవుడైతే గీత చివరిదాకా జారుతూనే పోతుంది. 4000 దగ్గర గొయ్యి పడి మళ్ళీ లేచిందంటే అది మోత చేసిన పని" అన్నారు. లోపలి చెవిలో పదిహేను వేలకి పైగా సన్నని రోమకణాలు ఉంటాయట. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. మందు లేదు, ఆపరేషన్ లేదు. ఎడమ చెవి ఇంకొంచెం ఎక్కువ పోయింది. రైఫిల్‌ని కుడి భుజానికి ఆనించేవాడికి ఎడమ చెవే గొట్టం మూతికి దగ్గర అని, సైనికుల్లో ఇది మామూలని చెప్పారు. నేను బటన్ అబద్ధంగా నొక్కానని రేపు ఎవరూ అనకుండా బెరా పరీక్ష కూడా చేయించమన్నారు. అందులో మనం ఏమీ నొక్కక్కర్లేదు. చెవి నుంచి మెదడుకి వెళ్ళే సంకేతాన్ని తలకి అంటించిన తీగలే కొలుస్తాయి.

సాయంత్రం మనవరాలు ఒళ్ళో కూచుని ఏదో అడుగుతోంది. పసిపిల్లల గొంతు పైశ్రుతిది. నాకు పోయింది సరిగ్గా అదే. ఊ అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏటి మావా, గుంట తాతా కథ సెప్పు అని ఎన్నిసార్లడిగినాది? ఊ అని ఊరుకుంటావేటి?" అని కళ్ళు తుడుచుకుంది. ఈ నష్టాన్ని బోర్డు ఏ శాతంలో వేసింది?

8 సెప్టెంబర్ 2024

చవితి మర్నాడు. సుబేదారు సాబ్ ఇంటికి వెళ్ళాను. తీర్పుల కట్ట తీసి చదివి వినిపించలేక, నా చేతికే ఇచ్చి వేలు పెట్టి చూపించారు.

మొదటిది ధరమ్‌వీర్ సింగ్ కేసు, సుప్రీంకోర్టు, 2013 జూలై 2. ఆయన సిగ్నల్స్ దళంలో సిపాయి. 1985లో చేరాడు, మూర్ఛ జబ్బుతో 1994లో ఇంటికి పంపేశారు. సర్వీసుకి సంబంధం లేదన్నారు. కోర్టు ఏమందంటే, చేరేటప్పుడు కాగితంలో జబ్బు రాయలేదు కాబట్టి మంచి ఆరోగ్యంతో చేరినట్టే. తర్వాత వచ్చింది సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలి. కాదంటే ఎందుకు కాదో బోర్డు కారణం రాయాలి. రుజువు భారం సిపాయి మీద లేదు. అనుమానం ఉంటే దాని లాభం సిపాయికే. ఆ తీర్పు 1982 నిబంధనల మీద వచ్చింది. నాకు వర్తించేవి 2008 నిబంధనలు. వాటిలోనూ, రిటైరైన 15 ఏళ్ళలోపు అడిగినవాడిని మామూలుగా రుజువు అడగకూడదనే ఉంది. నాకింకా గడువుంది.

రెండోది రామ్ అవతార్ కేసు, 2014 డిసెంబర్ 10. శాతాన్ని పెంచి లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. 50కి లోపు ఉంటే 50, ఆపైన 75 దాకా 75, అదీ దాటితే 100. మొదట్లో ఇది జబ్బు వల్ల మధ్యలో పంపేసినవాళ్ళకే ఇచ్చేవారు. పూర్తి సర్వీసు చేసినవాడికీ ఇవ్వాలని ఆ తీర్పుతో తేలింది.

లెక్క వేసుకున్నాం. చివరి జీతం 40,000 అనుకుంటే నూరు శాతం వైకల్యానికి అందులో 30 శాతం, అంటే 12,000. నా 20 శాతానికి 2,400. దాన్ని 50గా లెక్కిస్తే నెలకి 6,000, దాని మీద కరువు భత్యం. సర్వీసు పెన్షన్‌కి ఇది అదనం. సర్వీసు వల్ల కాదు అన్న ఒక్క మాటతో ఇదంతా సున్నా.

15 అక్టోబర్ 2024, మంగళవారం

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. కోటకీ గుడికీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగింది. పూజారి పైన కూచుని ఊగుతూ వెళ్తుంటే జనం అరటిపళ్ళు విసిరారు. తప్పెటగుళ్ళ జట్లు నా ముందే ఆడాయి. చిన్నప్పుడు మా నాన్న భుజాన కూచుని విన్న ఆట. గుండెకి కట్టుకున్న తప్పెట మోత రొమ్ముకి తగులుతోంది. కాలి గజ్జెలు కదలడం కనపడుతోంది, చప్పుడు లేదు. పాటగాడి పాటలో ఒక్క మాట అందలేదు. అమ్మకి దండం పెట్టుకుని వచ్చేశాను.

1 నవంబర్ 2024

నిన్న దీపావళి. టపాసుల మోతకి చెవుల్లో హోరు రెట్టింపై రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే వరసకి బావమరిది వచ్చాడు. నా ఫైలు చూసి, "దేశం కోసం పోయిన చెవికి డబ్బులడుగుతావేటి బావా? పెన్షనొస్తంది గదా, చాలదా?" అన్నాడు. చెడ్డవాడు కాదు, నలుగురూ అనుకునేదే అన్నాడు.

వాడికి చెప్పింది ఇక్కడా రాస్తున్నాను. నాకొచ్చే పెన్షన్ నేను చేసిన 24 ఏళ్ళ పనికి. చెవులకి కాదు. రిటైరైన హవల్దారు ఇంట్లో కూచోడు. మా జిల్లాల్లో ఎక్కువమందికి దొరికేది బ్యాంకు గార్డు ఉద్యోగం. నాకూ వచ్చింది. వైద్య పరీక్షలో చెవి దగ్గర ఆగిపోయింది. వెనకనుంచి ఎవడొస్తున్నాడో వినపడనివాణ్ణి కాపలా ఎవరు పెట్టుకుంటారు? నరసన్నపేట దగ్గర హైవే దాటాలంటే మా ఆవిడ చెయ్యి పట్టుకోవాలి. ఫోను మోగితే ఆమె ఎత్తాలి. పొలానికి నీళ్ళు పెడితే మోటారు ఆడుతోందో ఆగిందో చెయ్యి పెట్టి చూసుకోవాలి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ వాళ్ళిచ్చిన వినికిడి మిషన్ చెవికి పెట్టుకుంటాను. శబ్దం పెరుగుతుంది, మాట తేటపడదు. దేశం నా చెవులు తీసుకుందని నాకు బాధ లేదు. తీసుకోలేదని కాగితం మీద రాసిందే, అది బాధ. నేనడిగేది దానం కాదు. చట్టంలో రాసి ఉన్న హక్కు.

7 డిసెంబర్ 2024

సాయుధ దళాల పతాక దినం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దగ్గర పాతవాళ్ళు కనిపించారు. నాకు తెలిసిన ఇంజనీరు దళం మనిషి ఒకాయన, మందుపాతరలు పేల్చి పేల్చి ఒక చెవి కర్ణభేరి పోగొట్టుకున్నవాడు, చెట్టు కింద కూచుని తన కాగితం చూపించాడు. అందులో సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పుకున్నారు. కానీ శాతం 20కి తక్కువ వేశారు. పూర్తి సర్వీసు చేసి వచ్చినవాడికి 20 లేకపోతే వైకల్యానికి ఏమీ రాదు. నాకు శాతం ఉంది, కారణం లేదు. ఆయనకి కారణం ఉంది, శాతం లేదు. ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకుంటుంటే దారినపోయేవాళ్ళు దెబ్బలాట అనుకుని ఆగారు.

ఇంకో సిపాయి భార్య వచ్చింది. ఆయన వినలేడు, ఆమె చదవలేదు. వైకల్యం నిర్ధారించే సదరం శిబిరంలో ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకొచ్చింది. ఇది చూపిస్తే మిలటరీ వాళ్ళు పెన్షన్ ఇస్తారని ఎవరో చెప్పారట. సదరం సర్టిఫికెట్ రాష్ట్ర పథకాలకి. సైన్యం వైకల్య పెన్షన్‌కి మెడికల్ బోర్డు అభిప్రాయమే మూలం. దాన్ని కాదనాలంటే మొదటి అప్పీలు, అదీ కాదంటే రెండో అప్పీలు, ఆ తర్వాత ట్రిబ్యునల్. ఒక్కో మెట్టుకీ ఆరు నెలల గడువు. ఈ మెట్ల సంగతి సర్వీసు చివర్లో ఒక గంట కూచోబెట్టి అందరికీ వాళ్ళ భాషలో చెబితే ఎంత మేలు! డిశ్చార్జి బుక్కు చేతికిచ్చేవాళ్ళు ఆ గంట కూడా ఇవ్వాలి.

14 జనవరి 2025, మంగళవారం

సంక్రాంతి. మాజీ సైనికుల దినం కూడా ఇదే. 1953లో ఇదే రోజు ఫీల్డ్ మార్షల్ కరియప్ప రిటైరయ్యారు.

పొద్దున్న వంశధార గట్టు మీద ఊరి కుర్రాళ్ళు పరుగులు తీస్తున్నారు. పండగరోజు కూడా మానలేదు. అగ్నివీరుల భర్తీ కోసం. నన్ను చూసి సెల్యూట్ కొట్టి చుట్టూ చేరారు. "దళం ఏది మంచిది తాతా?" అని ఒకడు. ఏ దళమైనా మంచిదే అన్నాను. తర్వాత చెవుల సంగతి చెప్పాను. నవ్వకుండా విన్నారు.

వీళ్ళ సర్వీసు నాలుగేళ్ళు. ఆ తర్వాత నూటికి పాతికమంది దాకానే ఉంచుకుంటారు. మిగిలినవాళ్ళకి పెన్షన్ లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే 100 శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు ఏకమొత్తంగా ఇస్తారు. ఇక్కడా మూలం అదే మాట: సర్వీసు వల్ల. మోత దెబ్బ తగిలిన చెవి నాలుగేళ్ళలో పూర్తిగా బయటపడకపోవచ్చు. బయటపడే నాటికి కుర్రాడు ఇంటి దగ్గర ఉంటాడు, చేతిలో కాగితం ఉండదు. నా తరం కన్నా వీళ్ళకే చెవి లెక్క కాగితం మీద ఉండటం ఎక్కువ అవసరం. చేరిననాడు ఒక ఆడియోగ్రామ్, ఏటా ఒకటి, వెళ్ళేనాడు ఒకటి. ఫిరంగి దళంలో, ట్యాంకుల దగ్గర, ఇంజన్ల గదుల్లో, రన్‌వే మీద పనిచేసే ప్రతివాడికీ. ఎన్ని గుండ్లు పేలినప్పుడు పక్కనున్నాడో సర్వీసు పుస్తకంలో ఒక పేజీ. ఫిరంగి గొట్టానికి పుస్తకం ఉంటుంది. ఎన్ని గుండ్లు పేలిస్తే గొట్టం అరుగుతుందో లెక్కరాస్తారు, అరిగితే మారుస్తారు. గొట్టం పక్కన నిలబడ్డ మనిషి చెవికీ ఆ లెక్క రాయడం కష్టమా?

22 మార్చి 2025

అప్పీలు మీద ఆఖరి జవాబు వచ్చింది. కుదరదన్నారు. పాత ముక్కే మళ్ళీ: పీస్ స్టేషన్. ద్రాస్ మాట ఎత్తలేదు. రేంజిల మాట ఎత్తలేదు. 4000 దగ్గరి గొయ్యి గురించి ఒక్క అక్షరం లేదు.

ఇక సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007లో చట్టం చేశారు, 2009 ఆగస్టులో ట్రిబ్యునల్ పని మొదలుపెట్టింది. మన ఆంధ్రకి చెన్నై బెంచి. వకీలు గారు ఫోన్లో మాట్లాడతానన్నారు. నాకు ఫోను వినపడదని అమ్మాయి చెబితే, అన్నీ మెసేజీలో రాసి పంపుతున్నారు. ఆయనకి దండం. ఆలస్యం గురించి అడిగాను. పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి ప్రతి నెలా కొత్తగా నష్టం జరిగినట్టేనని, ఆలస్యం వల్ల హక్కు పోదని, పాతబాకీ మాత్రం మామూలుగా పిటిషన్ వేసిన రోజుకి ముందు మూడేళ్ళకే ఇస్తారని రాశారు. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన మాట అది. అంటే కూచుని చూసిన ప్రతి ఏడాదీ చేతి సొమ్ము పోయినట్టే.

సంతకాలు పెట్టాను. భర్తీ నాటి వైద్య కాగితం, షేప్ మార్చిన కాగితం, రిలీజ్ బోర్డు నకలు, ఆడియోగ్రామ్, బెరా, ఏ రెజిమెంటులో ఎన్నాళ్ళు ఉన్నానో ఆ వివరం, ఈ నోటుబుక్కులోంచి తీసి రాసిన రేంజిల జాబితా. అన్నీ పంపాం.

27 జూలై 2025

నిన్న కార్గిల్ దినం. జాతీయ న్యాయసేవల సంస్థ శ్రీనగర్‌లో వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనికులకీ, మాజీ సైనికులకీ, వాళ్ళ కుటుంబాలకీ సైనిక బోర్డుల్లోనే ఉచిత న్యాయసలహా దొరికేలా చేయడం దాని ఉద్దేశం. డిసెంబరులో సదరం సర్టిఫికెట్ పట్టుకొచ్చిన సిపాయి భార్య గుర్తొచ్చింది. అలాంటివాళ్ళకి అందితే దాని పేరు నిలబడుతుంది. సుబేదారు సాబ్ ఇంకో వార్త చూపించారు. వైకల్య పెన్షన్ ఇమ్మన్న ట్రిబ్యునల్ ఉత్తర్వుల మీద కేంద్రం వేసిన దాదాపు 300 పిటిషన్లని ఢిల్లీ హైకోర్టు ఈ నెలలో కొట్టేసిందట. ట్రిబ్యునల్లో గెలిచిన సిపాయిని మళ్ళీ హైకోర్టుకి లాగడం ఇకనైనా తగ్గాలి.

చెవుల కష్టం మన దేశం ఒక్కదానిదే కాదు. అమెరికాలో మాజీ సైనికులు వైకల్య పరిహారం పొందేవాటిలో చెవిలో హోరు, వినికిడి లోపం మొదటి వరసలో ఉన్నాయి. సైనికులకిచ్చిన ఇయర్‌ప్లగ్గులు పనిచేయలేదన్న దావాల్లో 2023 ఆగస్టులో 3ఎం కంపెనీ 601 కోట్ల డాలర్లకి ఒప్పందానికి వచ్చింది. చెవి పోవడం సైనికుడి పనిలో వచ్చే గాయమేనని అక్కడి లెక్కలే చెబుతున్నాయి. ఇక్కడ ఒక్కొక్కడూ విడివిడిగా వాదించాల్సి వస్తోంది.

నా కేసు చెన్నైలో నడుస్తోంది. ఎలా తేలినా సరే, ఈ పేజీ నకలు తీసి ఊరి కుర్రాళ్ళకి ఇస్తాను. రాజాం, పలాస, చీపురుపల్లి, బొబ్బిలి, ఎక్కడినుంచి సైన్యానికి వెళ్ళే పిల్లలకైనా ఇదే మాట.

భర్తీ నాటి వైద్య పరీక్ష కాగితానికి నకలు ఉంచుకోండి. పెద్దమోత దగ్గర రెండు చెవులకీ రక్షణ అడిగి తీసుకోండి. చెవిలో హోరు రెండో రోజుకి ఆగకపోతే యూనిట్ డాక్టరుకి చెప్పండి, చెప్పినట్టు పుస్తకంలో రాయించుకోండి. క్యాటగిరీ పోతుందని దాచిన చెవిని తర్వాత ఎవరూ నమ్మరు. రిలీజ్ బోర్డులో శాతం ఎంత వేశారో, సర్వీసు వల్ల అన్నారో లేదో, కాదంటే కారణం ఏం రాశారో చదవండి. కారణం తప్పైతే ఆరు నెలల్లో అప్పీలు చేయండి. చదవడం రాకపోతే చదివినవాడి చేత చదివించుకోండి. ఆ కాగితం నకలు చేతికి వచ్చేదాకా యూనిట్ గేటు దాటకండి.